గొత్తికోయలు: గోదావరి దాటి వచ్చిన నిర్వాసితులు

సంక్రాంతి దాటిందంటే ములుగు జిల్లాలో గోదావరికి ఇరుపక్కలా ఉన్న మిరప తోటల్లోకి పొరుగున ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి కూలీలు గుంపులు గుంపులుగా దిగుతారు. వాళ్లు ఏరి కల్లాల్లో ఆరబెట్టిన కాయే బస్తాలకెక్కి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరుతుంది. ఈ రాకపోకలు పాతవే. పని ముగిశాక ఊరికి తిరిగి వెళ్లడమూ పాత అలవాటే. 2005 తర్వాత మాత్రం, తిరిగి వెళ్లడానికి ఊరు మిగలని వేలాది మంది తాడ్వాయి, గోవిందరావుపేట, ఏటూరునాగారం అడవుల్లో గుడిసెలు వేసుకుని ఉండిపోయారు. ఇక్కడివారు వారిని గొత్తికోయలు అంటారు. వారు తమను తాము కోయతూర్ అని చెప్పుకుంటారు. అటవీశాఖ దృష్టిలో వారు ఆక్రమణదారులు. ఈ మూడో పేరు ఎంత అన్యాయమైనదో తెలియాలంటే వెనక్కి వెళ్లి చూడాలి.

నది ఇరుగట్ల కోయలకూ భాష ఒకటే, వేల్పులూ పెళ్లి సంబంధాలూ కలిసినవే. మేడారం జాతరకు ఇప్పటికీ బస్తర్ నుంచి అడవి దారుల్లో నడిచి వచ్చేవారున్నారు. గోదావరికి ఇవతల నిజాం రాజ్యం, అవతల బస్తర్ సంస్థానం ఉన్న రోజుల్లోనూ, తర్వాత రెండు రాష్ట్రాలు ఏర్పడినప్పుడూ, 2000లో ఛత్తీస్‌గఢ్ పుట్టినప్పుడూ సరిహద్దు గీసినవారు ఈ బంధుత్వాలను లెక్కలోకి తీసుకోలేదు.

ఆ సరిహద్దు దాటి యుద్ధం ఇక్కడి నుంచే అక్కడికి వెళ్లింది. 1980లో ఏర్పడిన నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ తన దళాలను ఉత్తర తెలంగాణ నుంచి బస్తర్ ఉన్న దండకారణ్య అడవులకు పంపింది. తునికాకు కూలి రేట్లు, అటవీ సిబ్బంది వసూళ్లు అక్కడ వారికి మొదటి పునాది వేశాయి. ఇక్కడ పోలీసు ఒత్తిడి పెరిగేకొద్దీ ఉద్యమ కేంద్రం బస్తర్‌కు మారింది. 2004లో మావోయిస్టు పార్టీ ఏర్పడే నాటికి బీజాపూర్, దంతెవాడ అడవుల్లో చాలా భాగం వారి అదుపులో ఉంది. మన జిల్లాల్లో మొదలైన పోరు అక్కడి ఊళ్లను బూడిద చేసిందనీ, ఆ బూడిద నుంచి లేచి వచ్చినవారే ఇప్పుడు మన అడవుల్లో ఉన్నారనీ గుర్తుపెట్టుకున్నప్పుడే ఈ సమస్య మనకు పరాయిది కాదని అర్థమవుతుంది.

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా ఆదివాసులనే సమీకరించిన సల్వాజుడుం మొదలైంది. ఈ గోండి మాటకు ప్రభుత్వం శాంతి యాత్ర అని అర్థం చెప్పింది; శుద్ధి చేసే వేట అన్నదే సరైన అర్థమని వాదించినవారూ ఉన్నారు. కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ దానికి ముందు నిలవగా, బీజేపీ రాష్ట్ర ప్రభుత్వం అండగా నిలిచింది. ఊరు ఖాళీ చేసి రోడ్డు పక్క శిబిరానికి రావాలి, రాకపోతే మావోయిస్టుల పక్షమే అన్నది దాని పద్ధతి. ఇళ్లు తగలబెట్టారు, ధాన్యం, పశువులు దోచుకున్నారు, హత్యలు, అత్యాచారాలు జరిగాయి. అటువైపు మావోయిస్టులు ఇన్‌ఫార్మర్లన్న ముద్ర వేసి ఆదివాసులనే చంపారు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరంపై దాడిలో దాదాపు ముప్పై మంది చనిపోయారు. ఆరు వందలకు పైగా గ్రామాలు చెదిరిపోయాయి. శిబిరానికి పోతే ఒకరు, పోకపోతే మరొకరు చంపుతారన్న స్థితిలో, రెండూ వద్దనుకున్నవారు తెలిసిన దారినే, అంటే మిర్చి కూలికి వచ్చే దారినే, గోదావరి వైపు నడిచారు.

దీనిపై సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ 2007లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం చదువు అంతంత మాత్రమైన ఆదివాసీ యువకులను నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనంతో ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి పోరుకు పంపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. అప్పటికి అలాంటివారు సుమారు 6,500 మంది ఉన్నారు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం అదే ఏడాది కొత్త చట్టం చేసి వారిని సహాయక సాయుధ దళంగా మార్చుకుంది. చెదిరిన ఊళ్లకు మాత్రం ఆ తీర్పు వల్ల ఇంటి వాసం కూడా తిరిగి రాలేదు.

ఇవతలి ఒడ్డున మరో రకం చిక్కు ఎదురైంది. తెలంగాణ షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోయ తెగ ఉంది, అందులో గుత్తకోయ అన్న పేరూ ఉంది. కానీ ఒక రాష్ట్రంలో ఉన్న ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో వర్తించదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది కాబట్టి, బస్తర్ నుంచి వచ్చినవారికి కుల ధ్రువీకరణ పత్రం దొరకడం కష్టమైంది. అటవీ హక్కుల చట్టం అడవి నేల సాగుపై హక్కుకు 2005 డిసెంబర్ 13ను గడువు తేదీగా పెట్టింది. ఆ తేదీకి ముందు అక్రమంగా వెళ్లగొట్టబడినవారికి పునరావాస హక్కు కూడా ఇచ్చింది. సల్వాజుడుం మొదలైంది ఆ ఏడాది జూన్‌లో, దహనాలు సాగింది తర్వాతి రెండేళ్లూ. చట్టం గీసిన గీతకు అవతల పడినవారు పోడు కొట్టుకున్న నేల వారిది కాకుండా పోయింది.

ఫలితం 2017 సెప్టెంబర్‌లో తాడ్వాయి మండలం జలగలంచలో కనిపించింది. అటవీ సిబ్బంది గుడిసెలను కూల్చివేశారు. అడ్డుపడిన మహిళలను చెట్లకు కట్టేశారన్న ఆరోపణలు వచ్చాయి. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఒక రేంజ్ అధికారి హత్యకు గురయ్యారు. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు. విధి నిర్వహణలో ఉన్న మనిషిని చంపినవారికి శిక్ష పడాల్సిందే. అయితే గొత్తికోయలెవరికీ పోడు పట్టాలు ఇవ్వబోమని అప్పటి తెలంగాణ ప్రభుత్వం ప్రకటించడం కొందరి నేరాన్ని ఒక తెగ మొత్తం నెత్తిన వేయడమే.

అంతర్జాతీయ సమాజం ఏం చేసిందన్న ప్రశ్నకు జవాబు చిన్నది. శరణార్థుల ఒప్పందం దేశం సరిహద్దు దాటినవారికే వర్తిస్తుంది. గోదావరి దాటినవారికి వర్తించదు. దేశంలోపల చెదిరిన వారి కోసం ఐక్యరాజ్యసమితి 1998లో మార్గదర్శక సూత్రాలు రూపొందించింది. సొంత ఊరికి వెళ్లాలా, ఉన్నచోటే స్థిరపడాలా అన్నది నిర్వాసితుల ఇష్టమనీ, రెండింటికీ ప్రభుత్వమే వీలు కల్పించాలనీ అవి చెబుతాయి. కానీ వాటికి చట్టబద్ధత లేదు. ఆఫ్రికా దేశాలు 2009లో కంపాలా ఒప్పందంతో వాటిని చట్టంగా మార్చుకున్నాయి. మనకు అలాంటి చట్టం లేదు. ఆదివాసులను ఇష్టం లేకుండా నేల నుంచి తరలించరాదన్న 2007 ఐరాస ప్రకటనకు భారత్ అనుకూలంగా ఓటు వేసింది. కానీ మధ్య భారతంలో జరుగుతున్నది శాంతిభద్రతల సమస్యే తప్ప సాయుధ సంఘర్షణ కాదన్నది మన ప్రభుత్వ వైఖరి. మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2008లో నివేదిక వెలువరించి అన్ని పక్షాలనూ తప్పుపట్టింది. అంతర్జాతీయ వైద్య సహాయ సంస్థ ఎంఎస్ఎఫ్ వైద్యులు అడవి గూడేలకు సంచార వైద్యం తీసుకెళ్లారు. ఇవన్నీ విలువైన పనులే, కానీ ఒక్క కుటుంబానికి కూడా నివాస హక్కు తెచ్చినవి కావు.

మార్గం లేక కాదు. 1997లో మిజోరం నుంచి తరిమివేతకు గురై త్రిపుర శిబిరాల్లో ఇరవై ఏళ్లకు పైగా మగ్గిన బ్రూ తెగవారికి 2020 జనవరి 16న కేంద్రం, రెండు రాష్ట్రాలు, బ్రూ ప్రతినిధులు కలిసి ఒప్పందం కుదుర్చుకుని త్రిపురలోనే శాశ్వత నివాసం ఇచ్చారు. సుమారు 34,000 మందికి ఇంటి స్థలం, బ్యాంకు డిపాజిట్, నెలవారీ భృతి, రేషన్ కలిపి దాదాపు 600 కోట్ల రూపాయల ప్యాకేజీ అది. ఒక రాష్ట్రం నుంచి చెదిరి వేరే రాష్ట్రంలో తలదాచుకున్న ఆదివాసులకు అక్కడే చోటు చూపవచ్చని కేంద్రమే అంగీకరించిన ఉదాహరణ ఇది. గొత్తికోయల విషయంలోనూ మొదట కావలసింది ఊరు, వచ్చిన ఏడు, వచ్చిన కారణం రాసుకునే నిజాయితీ గల లెక్క. ఆ తర్వాత ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, కేంద్రం గొత్తికోయల ప్రతినిధులతో కలిసి కూర్చోవడం.

2025 ఏప్రిల్, మే నెలల్లో వెంకటాపురం సరిహద్దున కర్రెగుట్టలపై 21 రోజుల పాటు భద్రతా దళాల ఆపరేషన్ సాగింది. మావోయిస్టుల బలం క్షీణించింది కనుక ఇక వీరు వెళ్లిపోవచ్చు కదా అన్న మాట ఇప్పుడు వినిపిస్తోంది. వెళ్లాలనుకునేవారికి దారి సుగమం చేయాల్సిందే. కానీ 2006లో తాడ్వాయి అడవిలో పుట్టిన బిడ్డకు ఇప్పుడు ఇరవై ఏళ్లు; తల్లి చెప్పిన ఊరి పేరు తప్ప బస్తర్ గురించి ఆ బిడ్డకు ఏమీ తెలియదు. కుల ధ్రువీకరణ పత్రం ఏ రాష్ట్రం ఇవ్వాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.