ప్రాసెసర్ అసలు వేగం ఎంత?

రాజమహేంద్రవరంలోనో భీమవరంలోనో కొన్న ల్యాప్‌టాప్ పెట్టె మీద ప్రాసెసర్ వేగం ఇన్ని గిగాహెర్ట్జ్ అని అచ్చువేసి ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 300 కోట్ల సైకిళ్లు, అంటే ప్రాసెసర్ లోపలి గడియారం టిక్కులు. ఒక్క సైకిలు కాలంలో కాంతి సైతం 10 సెంటీమీటర్లకు మించి పోలేదు. ప్రాసెసర్ నిజంగా పెట్టె మీది వేగంతోనే నడుస్తోందా అన్నది ఒక చిన్న ప్రోగ్రాముతో తేల్చుకోవచ్చు.

1993లో వచ్చిన పెంటియంలో ఇంటెల్ సంస్థ టైమ్ స్టాంప్ కౌంటర్‌ను అమర్చింది. అది ప్రతి సైకిలుకూ ఒకటి చొప్పున పెరిగేది కాబట్టి, ఒకసారి చదివి, సెకను ఆగి, మళ్లీ చదివి, తేడా తీస్తే వేగం వచ్చేసేది. నేటి ప్రాసెసర్లు పనిని బట్టి వేగాన్ని పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉన్నా, వాటిలోని కౌంటర్ మాత్రం ఒకే రేటున పెరుగుతుంది. కాలం కొలవడానికి అది మేలే గానీ, అసలు వేగాన్ని అది చెప్పదు.

అందుకని ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువలో రెండు గుర్తుల మధ్య బెండు ముక్కను వదిలి నీటి వేగం కట్టినట్టు, ఎన్ని సైకిళ్లు పడుతుందో ముందే తెలిసిన పనిని ప్రాసెసర్‌కు అప్పగించాలి. ఒక రిజిస్టరులోని (ప్రాసెసర్ లోపల సంఖ్యను ఉంచుకునే చిన్న గదిలోని) సంఖ్యకు మరో రిజిస్టరులోని సంఖ్యను కూడడానికి సాధారణంగా ఒక సైకిలు పడుతుంది. ఒక కూడిక ఫలితం మీదే తరువాతి కూడిక ఆధారపడేలా రాస్తే, ప్రాసెసర్ వాటిని ఒకేసారి చేసేసి మనల్ని ఏమార్చలేదు. అలాంటి 100 కోట్ల కూడికలకు అర సెకను పడితే వేగం 2 గిగాహెర్ట్జ్. దీన్ని ప్రాసెసర్ ఆదేశాలను నేరుగా రాసే అసెంబ్లీ భాషలోనే రాయడం మంచిది. లేకుంటే మనం రాసిన ప్రోగ్రామును ప్రాసెసర్ ఆదేశాలుగా మార్చే తెలివైన కంపైలర్, పదేపదే కూడే ఆ లూపునంతా ఒక్క గుణకారంగా మార్చేస్తుంది. మొదటి పరుగు ఫలితాన్ని వదిలేయాలి, ఎందుకంటే ప్రాసెసర్ పూర్తి వేగం అందుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది.

మే నెల మధ్యాహ్నం అమలాపురంలో ఇదే ప్రోగ్రామును ఆపకుండా నడిపితే, వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకోవచ్చు. కోనసీమ ఉక్కపోత చెమట ఆరనివ్వక మనిషిని వేధిస్తుంది గానీ, చెమట పట్టని ప్రాసెసర్‌కు గాలిలోని తేమతో దాదాపు పనిలేదు; ఫ్యాను లోపలికి లాగే గాలి ఎంత వేడిగా ఉందన్నదే దానికి ముఖ్యం. అప్పుడు కౌంటర్ రేటు మారకుండా ఉండి, కూడికలతో కట్టిన వేగం మాత్రం పడిపోతే, ల్యాప్‌టాప్ నెమ్మదించడానికి వేడే కారణమని అనుమానించి ముందుగా ఫ్యానులోని దుమ్ము దులిపించాలి.