తుమ్మెద గొంతు ఎందుకు మార్చింది?

చిరంజీవులైన మన వీధి పిల్లలకు,

అమ్మమ్మ ఆశీస్సులు. దసరా సెలవుల తర్వాత బడిలో వైజ్ఞానిక ప్రదర్శన ఉందనీ, మంచి అంశం ఒకటి చెప్పమనీ మొన్న అందరూ కట్టగట్టుకుని వచ్చారు. కాలేజీలో ఇన్నేళ్లు వృక్షశాస్త్రం చెప్పిన మనిషి దగ్గర అంశాలకేం కొదవ అనుకుని ఉంటారు. కొదవ లేదు. అయినా ఇవ్వను.

ఎందుకంటే మీకు ఇప్పటికే ఒకటి ఉంది. ఎంగిలిపూల బతుకమ్మకు ధర్మసాగర్ దారిలో తంగేడు కోస్తుంటే మీలో ఒకరు అడిగారు, గుర్తుందా? "అమ్మమ్మా, ఈ నల్ల తుమ్మెద ఎగిరేటప్పుడు ఒకలా, పువ్వు మీద వాలాక ఇంకోలా ఎందుకు చప్పుడు చేస్తోంది?" అని. సంచులు నింపే హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆ ప్రశ్నను ఇంట్లో వదిలేసి, నన్ను కొత్తది అడగడానికి వచ్చారు మీరు!

ప్రదర్శనలకు న్యాయనిర్ణేతగా వెళ్లినప్పుడల్లా థర్మోకోల్ అగ్నిపర్వతం ఒకటి నాకు తప్పకుండా ఎదురయ్యేది. వంటసోడా, వెనిగర్, ఎర్రరంగు, పక్కన గర్వంగా నిలబడ్డ నాన్న. వరంగల్ జిల్లాలో అగ్నిపర్వతం గురించి ఎవరికి నిద్ర పట్టడం లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తుమ్మెద సంగతి అలా కాదు. అది మీ చెవిన పడింది, మీకే అనుమానం వచ్చింది.

సరే, మీ ప్రశ్నలోకి దిగుదాం. 2014లో మన రాష్ట్ర పుష్పమైన తంగేడును మనం తాంబాళంలో గుత్తులుగా పేర్చడమే తప్ప ఒక్క పువ్వునైనా సరిగా చూడం. ఒకటి తీసుకుని, రేకులను కాస్త వెనక్కి వంచి చూడండి. కేసరాలన్నీ ఒక్క తీరుగా ఉండవు. కొన్ని పొడుగ్గా వంగి ఉంటాయి, కొన్ని పొట్టిగా ఉంటాయి, కొన్ని ఎందుకూ పనికిరానట్టు ఎండిన పీలికల్లా కనిపిస్తాయి. మందారంలో అయితే కేసరం కొసన పుప్పొడి దాచుకునే సంచి, అదే పరాగకోశం, పగిలి పుప్పొడి బయటికే కనిపిస్తుంది, వేలు తగిలితే చాలు అంటుకుంటుంది. తంగేడులో అలా పగలదు. పరాగకోశం కొసన సన్నని రంధ్రం మాత్రం ఉంటుంది. ఉప్పు డబ్బా మూతలాంటిది అది. తలకిందులు చేసినంత మాత్రాన రాదు, కుదపాలి.

ఆ కుదిపే పని తుమ్మెదది. పువ్వును కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ముడుచుకుని, ఎగరడానికి వాడే ఛాతీ కండరాలనే వేగంగా వణికిస్తుంది. రెక్కల బరువు లేకపోవడంతో ఆ వణుకు ఇంకా వేగం అందుకుంటుంది, చప్పుడు సన్నబడి పై స్థాయికి పోతుంది. మీరు విన్న రెండో గొంతు అదే. ఆ అదురుకు కోశంలోని పుప్పొడి రంధ్రంలోంచి చిమ్ముకొచ్చి తుమ్మెద పొట్టకు అంటుకుంటుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు, వచ్చిన అతిథికి ఇచ్చేది పుప్పొడే. తేనెటీగలకు ఈ వణికించే విద్య రాదు. పెరట్లో టమాటా, వంకాయ పూలదీ ఇదే పద్ధతి. అందుకే విదేశాల్లో అద్దాల ఇళ్లలో టమాటా పండించేవారు ఒకప్పుడు విద్యుత్తుతో వణికే పరికరం పట్టుకుని పువ్వు పువ్వుకూ తిరిగేవారు. 1980ల చివరి నుంచి ఆ పనికి బంబుల్ బీ అనే బొద్దు కీటకాలను పెంచి వాడుతున్నారు. మన తేనెటీగలకు అవి చుట్టాలే గాని, వాటికి ఈ విద్య వచ్చు.

నేను చెప్పాను కదా అని నమ్మేయకండి. మీ భౌతికశాస్త్రం సారును అడిగి శ్రుతిదండం (కొడితే ఒకే స్థాయిలో మోగే ట్యూనింగ్ ఫోర్క్) ఒకటి తెచ్చుకోండి. ఇప్పుడే విచ్చిన పువ్వును, తుమ్మెద వాలకముందే, పొద్దున్నే కోసి కింద నల్ల కాగితం పెట్టండి. ముందు పువ్వును వేలితో ఊరికే తట్టి చూడండి. తర్వాత శ్రుతిదండాన్ని రబ్బరు దిమ్మ మీద కొట్టి, మోగుతుండగా పరాగకోశానికి తాకించండి. కాగితం మీద ఏం పడిందో, ఎంత పడిందో రాసుకోండి. వేరే స్థాయి దండంతో మళ్లీ చేయండి. తుమ్మెద రెండు గొంతులనూ ఫోనులో రికార్డు చేస్తే ఏది ఏ స్థాయిలో ఉందో పోల్చవచ్చు. పట్టుకోవడానికి మాత్రం చేయి చాపకండి, ఆడ తుమ్మెద కుడుతుంది.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది కీలం సంగతి. పువ్వు మధ్యలోంచి బయటికి పొడుచుకొచ్చి, కొసతో పుప్పొడిని అందుకునే ఆ ఆకుపచ్చని కాడ నిటారుగా ఉండదు. ఒక పువ్వులో ఎడమకు వంగితే మరో పువ్వులో కుడికి వంగుతుంది. ఎడమకు వంగిన పువ్వు తన పుప్పొడిని తుమ్మెద ఒంటికి ఒక పక్కన పూస్తే, కుడికి వంగిన పువ్వు కీలం సరిగ్గా ఆ పక్కనే తగులుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. మరి ఒకే పొదలో రెండు రకాలూ ఉంటే లాభమేమిటి? పుప్పొడి తిరిగి తిరిగి ఆ పొద పూలకే చేరదా? దీని మీద ఇంకా వాదనలు నడుస్తూనే ఉన్నాయి. పొట్టి కేసరాలు తుమ్మెద మేతకు, పొడుగువి ఒంటికి పూయడానికి అని 19వ శతాబ్దంలో ముల్లర్ అనే జర్మన్ సోదరులు ఊహించారు. మన తంగేడులో ఏది ఏ పని చేస్తోందో మీరూ చూడవచ్చు.

ఇంత చిన్న వంపు కోసం పెద్దవాళ్లు ఎంత ఆరాటపడ్డారో తెలుసా? వంగ జాతి ముళ్ల మొక్క ఒకటి, తంగేడుకు చుట్టమైన మొక్క ఒకటి, వీటి పూలలో కీలం ఇలాగే అటూ ఇటూ వంగడాన్ని గమనించి టాడ్ అనే అమెరికన్ 1882లో ఒక పత్రికలో రాశాడు. అది చదివిన డార్విన్, విత్తనాలు పంపితే పెంచి ప్రయోగం చేసుకుంటానని ఏప్రిల్ 10న అతనికి ఉత్తరం పెట్టాడు. అప్పటికి ఆయన వయసు 73, ఆరోగ్యం బాగా చెడింది. ఏప్రిల్ 19న చనిపోయాడు. పరీక్ష లేదు, బహుమతి లేదు, ఆ పువ్వు చూడాలనిపించింది, అంతే.

ఎడమకు వంగిన పూలెన్ని, కుడికి వంగినవెన్ని అని మీరు చేయాల్సిన లెక్క తేలికే గాని ఒక చిక్కు ఉంది. ఎడమ అంటే ఎవరి ఎడమ? పువ్వుకు ఎదురుగా నిలబడ్డ మనదా, పువ్వుదా? ముందే ఒక నియమం రాసి పెట్టుకోండి, లేకపోతే మీలో మీరే సగం పూలు తప్పు లెక్కేస్తారు. ఒక్కో పొదకు విడిగా లెక్క ఉండాలి. ఏ పొదలోనైనా ఒక వైపు ఎక్కువ వస్తే ఆ లెక్క కొట్టేయకండి, నాకు చూపించండి.

ప్రదర్శన రోజున చార్టు ముందు నిలబడి బట్టీ పట్టింది అప్పజెప్పవద్దు. అది వినడానికి మీ అమ్మానాన్నలకే ఓపిక ఉండదు. వచ్చినవాళ్ల చేతిలో తంగేడు పువ్వు పెట్టి "ఇది ఎడమా, కుడా?" అని అడగండి. పద్మాక్షి గుట్ట కింద ఏటా బతుకమ్మ ఆడే అమ్మలు కూడా అప్పుడే మొదటిసారి ఆ వంపు చూస్తారు. ఆ తర్వాత వాళ్లే అడుగుతారు. మీకు తెలియనిది అడిగితే వాళ్ల ముందే పుస్తకంలో రాసుకోండి. తంగేడు బెరడుతో తోళ్లు పదును చేయడం చూసిన తాతలు ఎవరైనా వస్తే మాత్రం మీరు మాట్లాడటం ఆపి, వాళ్లను మాట్లాడనివ్వండి.

ఉంటాను.
మీ అమ్మమ్మ

తా.క. "పువ్వులన్నీ వాడిపోయినా గునుగు మాత్రం రంగు పోలేదేం" అని అడిగిన చిన్నదానికి: నువ్వు అన్నయ్యల జట్టులో చేరనక్కరలేదు. గునుగు, సీతమ్మ జడ, తోటకూర, బీట్‌రూట్, కాగితం పూలలోని ఎరుపు ఒక జాతి, మందారంలోని ఎరుపు వేరే జాతి. ఈ రెండు రంగులూ ఒకే మొక్కలో కలిసి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. మందారం రసం, బీట్‌రూట్ రసం వేర్వేరు గిన్నెల్లో తీసి, ఒక్కోదానిలో కొంచెం నిమ్మరసం, కొంచెం వంటసోడా విడివిడిగా కలిపి చూడు. ఆ తర్వాత రంగు అద్దని గునుగుతో చెయ్యి. బజారులో కొన్నది వద్దు, దానికి రంగు వేసి ఉంటారు.