పాపమంతా పీఎల్‌సీదేనా? కొన్ని అపోహలు, వాస్తవాలు

రాత్రి పదకొండు దాటాక ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చిందంటే మొదటి మాట ఒకటే: "సార్, పీఎల్‌సీ పోయిందండీ!" పీఎల్‌సీ అంటే మెషిన్లను ప్రోగ్రామ్ ప్రకారం నడిపే చిన్న కంప్యూటర్. ప్యానెల్ తలుపు తీస్తే లైట్లు మిణుకుమిణుకుమంటూ కనబడేది అదే కదా, అందరి చూపూ దాని మీదే. నేను చూసినంతవరకు పోయేది వైరో, సెన్సరో, పవర్ సప్లయో. తిట్లు తినేది మాత్రం ఆ చిన్న డబ్బా.

అపోహ: ఇంత చిన్నది ప్లాంటునేం నడుపుతుంది?

సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీల్లో 1214సీ అనే మోడల్ తీసుకోండి. వెడల్పు 110 మిల్లీమీటర్లు. అందులోనే 14 డిజిటల్ (ఆన్/ఆఫ్) ఇన్‌పుట్లు, 10 అవుట్‌పుట్లు, 2 అనలాగ్ (ఎంతుందో కొలిచే) ఇన్‌పుట్లు. చాలకపోతే పక్కన ఎనిమిది మాడ్యూళ్ల దాకా తగిలించుకోవచ్చు. పీఐడీ, అంటే టెంపరేచర్ లాంటిదాన్ని కావాల్సిన దగ్గర నిలకడగా ఉంచే లెక్క, అది కూడా చేస్తుంది. ఆర్‌ఓ ప్లాంటుకో, రియాక్టర్ జాకెట్ టెంపరేచర్‌కో నిక్షేపంగా సరిపోతుంది.

అపోహ: రీడింగ్ తప్పు చూపిస్తే సీపీయూ (పీఎల్‌సీ అసలు డబ్బా) మార్చేయాలి

జీడిమెట్లలో ఒకచోట ట్యాంకు ఖాళీగా ఉన్నా స్క్రీన్ మీద లెవెల్ 20 శాతం. నేను వెళ్లేసరికే కొత్త సీపీయూకి ఆర్డర్ రాసి పెట్టుకున్నారు. "నిండినప్పుడు ఎంత చూపిస్తుందమ్మా?" అని ఆపరేటర్‌ని అడిగాను. "అప్పుడు కరెక్టే సార్, వంద." సగానికి? "అరవై."

నాకు అక్కడే సగం అర్థమైంది. డబ్బా నిజంగా పాడైతే తప్పు ఇంత పద్ధతిగా రాదు, ట్యాంకు నిండేకొద్దీ తగ్గుతూ పోదు.

1214సీలోని ఆ రెండు అనలాగ్ ఇన్‌పుట్లు తీసుకునేది 0-10 వోల్టులే. ట్యాంకు లెవెల్ కొలిచి పంపే ట్రాన్స్‌మిటర్ ఇచ్చేది 4-20 మిల్లీయాంపులు: ఖాళీకి 4, నిండితే 20. ఎవరో తెలివిగా 500 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కరెంటును వోల్టేజీగా మార్చారు. అది తప్పు కాదు. కానీ 4 మిల్లీయాంపులకు వచ్చేది 2 వోల్టులు, 0-10 వోల్టులను పీఎల్‌సీ లోపల 0-27648 అంకెలుగా చదువుతుంది కాబట్టి అంకె సుమారు 5530. ప్రోగ్రామ్‌లో స్కేలింగ్ (ఆ అంకెను శాతంగా మార్చే లెక్క) మాత్రం 0 నుంచి 27648కి రాశారు. కింది అంకెను 5530 చేశాను. ఐదు నిమిషాల పని. టీ వచ్చేలోపే అయిపోయింది.

అసలు సున్నాకి 4 మిల్లీయాంపులు పెట్టిందే వైరు తెగితే తెలియాలని. కరెంటు 4 కంటే బాగా దిగిపోయిందంటే ట్యాంకు ఖాళీ అని కాదు, లూపులో ఏదో తేడా ఉందని. ఆ అలారం రాయని ప్రోగ్రాములు ఎన్ని చూశానో!

అపోహ: రిలే (లోపల కదిలే కాంటాక్టున్న స్విచ్చి) అవుట్‌పుట్ దేనికైనా పనికొస్తుంది

పంపు కాంటాక్టర్‌కి (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చికి) భేషుగ్గా పనికొస్తుంది. హీటర్‌ని పీఐడీతో నడిపితే మాత్రం లెక్క చూసుకోండి. పది సెకన్లకోసారి ఆన్ అయి ఆఫ్ అయితే రోజుకు 8,640 సార్లు. పూర్తి లోడు మీద ఆ కాంటాక్టుకు మాన్యువల్ చెప్పే ఆయుష్షు 1,00,000 సార్లు. పన్నెండు రోజులు కూడా పట్టదు. కాంటాక్టు అతుక్కుపోయి హీటర్ ఆగదు, "ప్రోగ్రామ్ హ్యాంగ్ అయింది" అంటారు. ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్ ఉన్న మోడల్ తీసుకుని బయట ఎస్‌ఎస్‌ఆర్ (కదిలే కాంటాక్టు లేని సాలిడ్ స్టేట్ రిలే) పెట్టండి.

అపోహ: ఎమర్జెన్సీ స్టాప్‌ని ఇన్‌పుట్‌కిచ్చి ప్రోగ్రామ్‌లో రాస్తే చాలు

మామూలు పీఎల్‌సీతో చాలదు. ఎర్ర బటన్ నొక్కితే సేఫ్టీ రిలే ద్వారా కాంటాక్టర్ కాయిల్‌కి సప్లయ్ నేరుగా తెగాలి. పీఎల్‌సీకి ఆ సంగతి తెలియజేయడానికి విడిగా ఒక కాంటాక్టు ఇవ్వండి. ఈ విషయంలో నేను కస్టమర్‌తో బేరమాడను.

అపోహ: ప్యానెల్‌లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ బిగించొచ్చు

పైనా కిందా 25 మిల్లీమీటర్లు గాలికి వదలాలి. నిలువుగా తిప్పి బిగిస్తే తట్టుకునే వేడి పది డిగ్రీలు తగ్గుతుంది. రామగుండంలో మే నెలలో రేకుల షెడ్డు కింద ఆ పది డిగ్రీలే కావాల్సింది.

అపోహ: మాకు ఇంటర్నెట్ లేదు, వైరస్ ఎలా వస్తుంది?

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో పీఎల్‌సీలనే దెబ్బతీసింది. బయటి నెట్‌కి కలపని చోట్లకి కూడా పెన్‌డ్రైవ్‌ల ద్వారా పాకేలా దాన్ని రాశారు. యురేనియాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజుల వేగం మారిపోతున్నా ఆపరేటర్ స్క్రీన్ మీద అంతా మామూలుగానే కనబడింది. మీ ప్రోగ్రామింగ్ ల్యాప్‌టాప్‌లో నైట్ షిఫ్ట్ కుర్రాళ్లు సినిమాలు చూస్తున్నారేమో, ముందు అది కనుక్కోండి.