పంటి ఎక్స్‌రే: భయం ఒకచోట, జాగ్రత్త ఇంకోచోట

"ఎక్స్‌రే వద్దులే డాక్టరు గారూ, ఊరికే చూసి చెప్పండి." వారానికి ఒకరిద్దరైనా ఇలా అంటారు. వేరు చివర చీము ఎంతదాకా పాకిందో పైనుంచి ఎలా కనిపిస్తుంది?

అపోహ: ఒక్క ఎక్స్‌రే అయినా ఒంటికి చేటే.

ఒకటి రెండు పళ్లకు తీసే చిన్న ఎక్స్‌రేతో పడే రేడియేషన్ సుమారు 5 మైక్రోసీవర్టులు. నేల, గాలి, ఆకాశం నుంచి ప్రపంచ సగటున రోజుకు 6-7 ఎలాగూ పడుతూనే ఉంటాయి. దవడంతా వచ్చే ఓపీజీకి ఇంకొంచెం ఎక్కువ. దవడను త్రీడీలో చూపే సీబీసీటీ స్కాన్ లెక్క మాత్రం వేరు, వందల్లోకి కూడా పోవచ్చు. ఇంప్లాంటుకో, ఇరుక్కుపోయిన జ్ఞానదంతానికో తప్ప నేను రాయను.

అపోహ: గర్భిణికి అస్సలు తీయకూడదు.

అవసరమైతే తీయొచ్చు. కిరణం పోయేది దవడ మీదికి, పొట్ట మీదికి కాదు. ఆగగలిగినవి కాన్పయ్యాక చూసుకుందాం, కానీ విషయం ముందే చెప్పండి.

అపోహ: సీసం ఏప్రాన్ వేయని క్లినిక్ మంచిది కాదు.

ఏప్రాన్, మెడకు కట్టే థైరాయిడ్ కాలర్ ఇక అక్కర్లేదని 2024 ఫిబ్రవరిలో అమెరికన్ డెంటల్ అసోసియేషనే చెప్పింది. కిరణాన్ని నోట్లో పెట్టే సెన్సారు సైజుకు కుదించడమే అసలు రక్షణ. కాలర్ అడ్డొచ్చి మళ్లీ తీయాల్సి వస్తే అదీ నష్టమే. అడిగితే వేస్తాను, వాదించను.

అపోహ: డాక్టరే నోట్లో ఫిల్మ్ పట్టుకుంటే కదలదు, మంచిదేగా!

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పంటి ఎక్స్‌రేలు మొదలైన రోజుల్లో న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు, యంత్రం సరిగా ఉందో లేదో తన చెయ్యే అడ్డుపెట్టి చూసుకునేవారు. ముందు వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యి. మీకు అది ఒక్కసారి, పట్టుకునేవాళ్లకు రోజూ. హోల్డర్ వాడాలి, లేదంటే పేషెంటే పట్టుకోవాలి. చిన్నపిల్లలైతే ఏప్రాన్ వేసుకుని తండ్రో, గర్భంతో లేని తల్లో పట్టుకోవాలి. బటన్ నొక్కేవాళ్లు కనీసం 2 మీటర్ల దూరంలో నిలబడాలి. దూరం రెట్టింపైతే రేడియేషన్ నాలుగో వంతుకు పడిపోతుంది.

అపోహ: ఇంత చిన్న మెషీన్‌కు అనుమతులేంటి?

కావాలి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నిబంధనల ప్రకారం అణుశక్తి నియంత్రణ మండలి, అదే ఏఈఆర్‌బీ, అనుమతి తప్పనిసరి. 'ఈ-లోరా' పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, టైప్ అప్రూవల్ (ఆ మోడల్‌కు ఏఈఆర్‌బీ ఆమోదం) ఉన్న మెషీనే కొనాలి, అప్పుడప్పుడూ క్వాలిటీ పరీక్షలు చేయించాలి. మా అనుమతి కాగితం ఫ్రేము కట్టించి గోడకు పెట్టాను. ఏప్రాన్ ఏదని అడిగినవాళ్లు చాలామంది. ఆ కాగితం వైపు ఇంతవరకూ ఎవరూ చూడలేదు.