ఫాఫ్సా వర్తించని పిల్లలు: అమెరికా కాలేజీల్లో విదేశీ పేద విద్యార్థికి సాయం ఎలా మొదలైంది, ఎక్కడ ఆగింది

అమెరికాలో పేదింటి పిల్లలు కాలేజీకి వెళ్లే ముందు ఒక ఫారం నింపుతారు. దాన్ని ఫాఫ్సా అంటారు. తల్లిదండ్రుల సంపాదన వివరాలు అందులో పెడితే తిరిగి కట్టనక్కర్లేని పెల్ గ్రాంటు ఎంత వస్తుందో, ప్రభుత్వం ఇచ్చే అప్పు ఎంత దొరుకుతుందో తెలుస్తుంది. మన గురుకులంలో ఇంటర్ చదివిన అమ్మాయికి వాళ్లతో సమానంగా మార్కులొచ్చినా, ఇంట్లో వాళ్లకన్నా ఎక్కువ లేమి ఉన్నా, ఆ ఫారం ఆమెది కాదు. పౌరులకూ, శాశ్వత నివాసం ఉన్నవాళ్లకూ, శరణార్థుల్లాంటి కొద్దిమందికీ మాత్రమే అది పనికొస్తుంది. స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు ఫెడరల్ ప్రభుత్వం నుంచి గ్రాంటూ లేదు, అప్పూ లేదు.

ఈ సంగతి చాలా కుటుంబాలకు అడ్మిషన్ లెటర్ చేతికొచ్చాక గానీ తెలియదు. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో ట్యూషన్, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు దాటుతోంది. నాలుగేళ్లకు లెక్కేస్తే మూడు కోట్ల రూపాయల దాకా తేలుతుంది. ఆ డబ్బు ఇవ్వగలిగింది ఆ కాలేజీ ఒక్కటే. అది ఎందుకిస్తుంది, ఎవరికిస్తుంది అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. అమెరికాలో విదేశీ పేద విద్యార్థికి చదువు ఏనాడూ హక్కుగా అందలేదు. దాత తలచుకుంటే వచ్చింది, ఆ దేశానికి రాజకీయ అవసరం పడితే వచ్చింది, లేదా విద్యార్థి ఒళ్లు వంచి పనిచేస్తే వచ్చింది.

మొదటి తరం వాళ్లకు డబ్బు ఇక్కడి నుంచే వెళ్లింది. 1913లో అంబేడ్కర్ కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్ల గడువు, తిరిగొచ్చాక సంస్థానంలో ఉద్యోగం చేయాలన్న షరతు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ వెళ్లింది కాకినాడ దగ్గరి మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బూ, మామగారి సాయమూ పట్టుకుని. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువు చదువుతూ, పూట గడవడానికి ఆయన ఆస్పత్రిలో రాత్రిపూట రోగులకు చాకిరీ చేశారు. వైద్యపట్టా చేతిలో ఉన్న మనిషి చేసిన పని అది. తర్వాత ఆయన పరిశోధనల వల్ల ప్రపంచానికి ఎంత మేలు జరిగిందో తలచుకున్నప్పుడల్లా, ఆ ధర్మసంస్థ చందా ఇవ్వకపోతే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను వదలదు.

అదే 1922లో జయప్రకాశ్ నారాయణ్ కాలిఫోర్నియాలో దిగారు. ద్రాక్షతోటల్లో కూలి చేశారు, హోటళ్లలో గిన్నెలు కడిగారు. బర్కిలీలో ఫీజు రెట్టింపు కావడంతో అక్కడ ఉండలేక అయోవాకు మారారు. ఫీజు పెరిగితే ఊరు మారాల్సి రావడం నూరేళ్ల కిందటే మొదలైందన్నమాట.

కాలేజీ తానే పిలిచి డబ్బిచ్చిన సందర్భాలు అప్పట్లో చాలా అరుదు. మిషిగన్ యూనివర్సిటీలో లీవై బార్బర్ అనే దాత ఆసియా మహిళల కోసం 1917లో పెట్టిన నిధి వాటిలో ఒకటి. మద్రాసులో చదివి, పాఠాలు చెప్పిన వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ 1920ల్లో ఆ నిధితోనే అక్కడ చదివారు, 1931లో డాక్టరేట్ తెచ్చుకున్నారు. విచిత్రమేమిటంటే, సరిగ్గా అదే 1917లో అమెరికా ఆసియావాసులు వచ్చి స్థిరపడకుండా చట్టం చేసింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రావచ్చు, చదువుకోవచ్చు, కానీ ఉండిపోవద్దు అన్నదే ఆ చట్టం వైఖరి. ఇప్పటి నిబంధనల కింద కూడా ఆ వైఖరే కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లెక్క మారింది. విదేశాల్లో మిగిలిపోయిన యుద్ధ సామగ్రి అమ్మగా వచ్చిన సొమ్ముతో 1946లో ఫుల్‌బ్రైట్ కార్యక్రమం పుట్టింది. భారత్‌తో ఒప్పందం 1950 ఫిబ్రవరి 2న కుదిరింది. సోవియట్ యూనియన్‌తో పోటీ పడుతున్న అమెరికాకు కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశాల చదువుకున్న యువత స్నేహం కావాలి. అందుకని ఖర్చు పెట్టింది. అయితే ఆ డబ్బు ఎక్కువగా డిగ్రీ పూర్తయినవాళ్లకు, అధ్యాపకులకు, పరిశోధకులకు అందింది. పద్దెనిమిదేళ్ల పేద పిల్లవాడు ఆ పథకంలో లేడు.

అదే కాలంలో అమెరికా తన సొంత పిల్లల కోసం పెద్ద వ్యవస్థ కట్టుకుంది. 1944లో సైనికుల చదువుకు జీఐ బిల్లు తెచ్చింది. 1950ల మొదట్లో హార్వర్డులో జాన్ మన్రో అనే అధికారి ఒక కుటుంబం పిల్లల చదువుకు ఎంత పెట్టుకోగలదో తేల్చే సూత్రం తయారుచేశాడు. 1954లో శాట్ పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డు ఆ పద్ధతిలో పనిచేసే విభాగం పెట్టింది. తెలివిని చూసి బహుమతిగా ఇవ్వడం ఒకటి, ఇంటి పరిస్థితి చూసి లోటు పూడ్చడం మరొకటి. ఈ రెండోదానికి లెక్కలు, ఫారాలు, విధానం అప్పుడు వచ్చాయి.

1965 నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నత విద్యా చట్టం మీద సంతకం చేశాడు. అందుకు ఆయన టెక్సస్‌లోని శాన్ మార్కస్‌లో తాను చదివిన కాలేజీనే ఎంచుకున్నాడు. అక్కడ చదివే రోజుల్లో గదులు ఊడ్చి ఫీజు కట్టుకున్న మనిషాయన. పేదవాడైనంత మాత్రాన ఏ అమెరికన్ పిల్లవాడికీ కాలేజీ తలుపు మూసుకుపోకూడదన్నది ఆ చట్టం ఉద్దేశం. 1972లో దానికి సవరణ చేసి నేరుగా విద్యార్థికే గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టారు. 1980 నుంచి దాన్నే పెల్ గ్రాంటు అంటున్నారు.

ఇక్కడే విదేశీ విద్యార్థి పూర్తిగా బయటపడిపోయాడు. ఈ సాయం పొందాలంటే పౌరుడై ఉండాలి, లేదా తాత్కాలిక పని మీద కాకుండా స్థిరపడే ఉద్దేశంతో దేశంలో ఉండాలని నిబంధన. 1952 వలస చట్టం ప్రకారం ఎఫ్-1 వీసా, అంటే స్టూడెంట్ వీసా కావాలంటే సొంత దేశంలో ఇల్లు వదులుకునే ఉద్దేశం లేదని చూపాలి. ఒక చట్టం ఉండిపోతావా అని అడుగుతుంది, రెండోది తిరిగి వెళ్లిపోతావా అని అడుగుతుంది. ఒకే విద్యార్థి రెండింటికీ అవునని చెప్పలేడు. పైగా చదువుకు సరిపడా డబ్బు ఉందని వీసాకు ముందే రుజువు చూపాలి. అంటే పేదవాడినని చెప్పి సాయం అడిగిన నోటితోనే, కాన్సులేట్ కిటికీ దగ్గర తన దగ్గర డబ్బుందని చూపించాలి. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో పూర్తి ఖర్చు తానే భరిస్తున్నట్టు రాసి ఇస్తేనే ఈ చిక్కు విడుతుంది. సగం సాయం వస్తే మిగతా సగం ఎక్కడిదో చూపాలి. హైదరాబాద్‌లో బ్యాంకు ఖాతాలో కొద్దిరోజులు డబ్బు వేసి చూపించే వ్యాపారం నడవడానికి మూలం ఈ నిబంధనలోనే ఉంది. దాని జోలికి వెళ్లిన కుటుంబాలు వడ్డీలూ కట్టాయి, వీసా తిరస్కరణలూ చూశాయి.

మరి మనవాళ్లు ఇంతమంది ఎలా వెళ్లారు? 1957లో సోవియట్లు స్పుత్నిక్ ప్రయోగించారు. మరుసటేడు అమెరికా రక్షణ విద్యా చట్టం తెచ్చింది. యూనివర్సిటీల్లో పరిశోధనకు డబ్బు వరదలా వచ్చింది. ల్యాబుల్లో పనిచేయడానికీ, మొదటేడు పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పడానికీ మనుషులు కావాల్సి వచ్చారు. ఇక్కడ 1959లో వరంగల్‌లో ఆర్‌ఈసీకి (ఇప్పటి ఎన్‌ఐటీ) నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఐఐటీలు అప్పుడే లేస్తున్నాయి. అలా చదువుకున్న తెలుగు పిల్లలు టీచింగ్ అసిస్టెంట్లుగా, రీసెర్చ్ అసిస్టెంట్లుగా వెళ్లారు. ట్యూషన్ మాఫీ, నెలనెలా భత్యం. విమానం టికెట్టుకు ఊళ్లో అప్పు చేసి, మొదటి సెమిస్టర్లోనే ఆ అప్పు తీర్చిన కథలు మన ఇళ్లలో కొల్లలుగా వినిపిస్తాయి.

ఆ సాయానికి పేదరికంతో సంబంధం లేదు. వారానికి ఇరవై గంటల పనికి ఇచ్చిన కూలి అది. దాన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఎన్నో మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి కుటుంబాలను నిలబెట్టింది ఆ కూలే. కానీ బీటెక్ దాకా వచ్చిన పిల్లలకే అది దొరికింది, ఇంటర్ పూర్తిచేసిన పిల్లలకు దొరకలేదు. తర్వాత 1990ల నుంచి సొంత డబ్బుతో, అప్పుతో ఎమ్మెస్‌కు వెళ్లేవాళ్లు పెరిగారు. 2023-24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో డిగ్రీ స్థాయిలో చదివేది 36,053 మందే. ఆ స్థాయిలో విదేశీ విద్యార్థుల్లో ఎక్కువమందికి ఫీజు ఇంటి నుంచే వెళుతుంది. 2008 మాంద్యం తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చే నిధులు తగ్గినప్పుడు చాలా ప్రభుత్వ యూనివర్సిటీలు ఆ లోటును పూడ్చుకోవడానికి విదేశీ విద్యార్థి కట్టే ఎక్కువ ఫీజు వైపు చూశాయి. బడ్జెట్‌కు ఆదాయంగా లెక్కించే విద్యార్థికి సాయం చేయాలన్న ఆలోచన వాటికి రావడం కష్టం.

డిగ్రీ స్థాయిలో అసలైన మార్పు 2000 ప్రాంతంలో వచ్చింది. అడ్మిషన్ ఇచ్చేటప్పుడు డబ్బు సంగతి చూడకుండా, ఇచ్చాక ఎంత లోటుంటే అంతా భరించే పద్ధతిని నీడ్ బ్లైండ్ అంటారు. హార్వర్డ్, ఎంఐటీలతో పాటు యేల్, ప్రిన్స్‌టన్ దాన్ని విదేశీ విద్యార్థులకూ వర్తింపజేశాయి. ప్రిన్స్‌టన్ 2001లో మరో అడుగు వేసి, సాయంలో అప్పు అనే భాగాన్నే తీసేసి అంతా గ్రాంటుగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆమ్‌హర్స్ట్ ఆ తర్వాత చేరింది. డార్ట్‌మత్ 2008లో ప్రకటించి, కొన్నేళ్లకు వెనక్కి తీసుకుని, ఒక అజ్ఞాత దాత 4 కోట్ల డాలర్లు ఇచ్చాక 2022 జనవరిలో మళ్లీ తెచ్చింది. అదే ఏడు బోడిన్ వచ్చింది. ఇటీవల బ్రౌన్, నోటర్‌డామ్ చేరాయి. విలియమ్స్ ఒకప్పుడు ఈ జాబితాలో ఉండేది, మాంద్యం దెబ్బకు విరమించుకుంది. మొత్తం మీద వేలకొద్దీ కాలేజీలున్న దేశంలో ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టే అన్ని ఉన్నాయి. ఒక దాత చెక్కుతో తెరుచుకుని, ఒక మాంద్యంతో మూసుకుపోయే ఏర్పాటు మీద ఒక తరం పిల్లల ఆశ ఆధారపడి ఉంది. నన్ను బాధపెట్టే విషయం ఇదే.

వీటి అవతల కెంటకీలోని బెరియా కాలేజీని ప్రత్యేకంగా చెప్పాలి. 1855లో బానిసత్వ వ్యతిరేకులు స్థాపించిన ఆ కాలేజీ 1892 నుంచి ట్యూషన్ వసూలు చేయడం లేదు. ప్రతి విద్యార్థీ క్యాంపస్‌లో పనిచేస్తాడు. ఏటా కొద్దిమంది విదేశీ పిల్లల్ని కూడా తీసుకుంటుంది. ర్యాంకుల పట్టికలు పట్టుకు తిరిగే కన్సల్టెన్సీల నోట ఈ పేరు వినపడదు. షెల్బీ డేవిస్ అనే దాత 2000లో మొదలుపెట్టిన నిధి, పలు దేశాల్లో ఉన్న యునైటెడ్ వరల్డ్ కాలేజీలనే స్కూళ్లలో చదివినవాళ్లకు సాయం చేస్తుంది. పుణె దగ్గరున్న మహీంద్రా కాలేజీ వాటిలో ఒకటి. కార్నెల్‌కు టాటాలు 2008లో ఇచ్చిన విరాళంలో రెండున్నర కోట్ల డాలర్లు భారతీయ విద్యార్థుల కోసమే.

మిగిలిన మంచి కాలేజీల్లో ఎక్కువ భాగం నీడ్ అవేర్. అంటే విదేశీ విద్యార్థి సాయం అడిగాడా లేదా అన్నది అడ్మిషన్ నిర్ణయంలో లెక్కకొస్తుంది. కొందరు సలహాదారులు ముందు అడగొద్దు, చేరాక చూసుకుందాం అంటారు. ఆ మాట నమ్మొద్దు. దరఖాస్తు సమయంలో అడగని విదేశీ విద్యార్థికి తర్వాత ఇవ్వబోమని చాలా కాలేజీలు ముందే రాసిపెడతాయి. అంతా బాగానే ఉందనుకున్నా, సాయానికి దరఖాస్తులో ఇంటి ఆర్థిక వివరాలు అడిగే సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫారం పుట్టింది మన్రో కాలపు అమెరికన్ కుటుంబం కోసం. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ అందులో మొదటి ప్రశ్న లాంటిది. వ్యవసాయ ఆదాయం మీద పన్నే లేని కౌలు రైతు ఇంట్లో రిటర్న్ ఎక్కడిది? మీసేవలో తెచ్చుకున్న తహసీల్దారు ఆదాయ ధ్రువపత్రాన్ని ఇంగ్లిషులోకి మార్చి, రిటర్న్ ఎందుకు లేదో ఉత్తరం రాసి జతచేయాలి. తక్కువ ఆదాయమున్న అమెరికన్ కుటుంబానికి ఆ ఫారం ఉచితం. మన పిల్లలు మాత్రం ఫీజు కట్టాలి, లేదంటే కాలేజీకి మెయిల్ రాసి మాఫీ కోడ్ అడగాలి. అడిగితే ఇచ్చే కాలేజీలున్నాయి. అడగవచ్చని చెప్పేవాళ్లు ఊళ్లో లేరు.

ప్రభుత్వాల సాయం కూడా ఈ వయసు దగ్గర ఆగిపోతుంది. కేంద్రం 1950ల నుంచి నడుపుతున్న నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీకీ, పీహెచ్‌డీకీ. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరిట, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరిట ఉన్న విదేశీ విద్యానిధులు డిగ్రీ తర్వాతి చదువులకే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ మారింది, నిబంధనలూ మారాయి. మైనారిటీ విద్యార్థుల అప్పుపై వడ్డీ భరించే పఢో పరదేశ్ 2022లో ఆగిపోయింది. అప్పు ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు సాధారణంగా తనఖా అడుగుతుంది. పొలం ఉన్నవాళ్లు దాన్ని తాకట్టు పెడతారు. భూమి లేనివాళ్లు బ్యాంకు మెట్లే ఎక్కరు.

2025లో ఈ సన్నని దారి ఇంకా ఇరుకైంది. మే నెలాఖరులో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల కొత్త అపాయింట్‌మెంట్లు ఆపి, జూన్‌లో సోషల్ మీడియా తనిఖీతో మళ్లీ మొదలుపెట్టారు. జులైలో వచ్చిన చట్టం పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు కూడబెట్టిన నిధులపై వచ్చే ఆదాయానికి 2017 నుంచి ఉన్న 1.4 శాతం పన్నును, ఒక్కో విద్యార్థికి మరీ ఎక్కువ నిధులున్నచోట 8 శాతం దాకా పెంచింది. ఆ ఆదాయంలోంచే పేద పిల్లల సాయం వస్తుంది. అక్టోబరులో ట్రంప్ ప్రభుత్వం కొన్ని యూనివర్సిటీల ముందు పెట్టిన ఒప్పందంలో డిగ్రీ స్థాయి విదేశీ విద్యార్థులు 15 శాతం మించకూడదని, ఒక్క దేశం వాళ్లు 5 శాతం మించకూడదని ఉంది. ఎంఐటీ, బ్రౌన్ సహా పలు సంస్థలు ఒప్పుకోలేదు. అయినా అదే ఏడాది నుంచి హార్వర్డ్, ఏడాదికి లక్ష డాలర్ల లోపు సంపాదన ఉన్న కుటుంబాల పిల్లలకు అన్నీ ఉచితం చేసింది, విదేశీ విద్యార్థులతో సహా.

మన దగ్గర చేయగలిగిన పని ఒకటి మాత్రం కళ్లెదుటే ఉంది. శాట్, టోఫెల్ పరీక్షల ఫీజులు, సీఎస్ఎస్ ప్రొఫైల్ ఫీజు, విదేశీ విద్యార్థుల నమోదుకు అమెరికా ప్రభుత్వం తీసుకునే సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. కాలేజీ మూడు కోట్లు భరిస్తానన్నా, ఈ చిల్లర ఖర్చుల దగ్గరే పేద విద్యార్థి ఆగిపోతాడు. అమెరికా విదేశాంగ శాఖ తన విద్యా సలహా కేంద్రాలైన ఎడ్యుకేషన్‌యూఎస్ఏ ద్వారా కొన్ని దేశాల్లో సరిగ్గా ఈ ఖర్చులకే సాయం చేసే నిధి నడిపింది. గురుకుల సొసైటీలు అలాంటిదే తామూ పెట్టి, పదకొండో తరగతిలోనే పిల్లలకు ఈ ఫారాల సంగతి చెప్పే ఒక టీచర్ని జిల్లాకొకరిని నియమించాలని నేను అడుగుతున్నాను. ఎక్కువ కాలేజీల గడువులు నవంబరు మొదట్లో, జనవరి మొదట్లో వస్తాయి. ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రాయకముందే అవి దాటిపోతాయి.