వర్డ్స్‌వర్త్ ఫ్రెంచి కూతురి సంగతి ఎలా బయటపడింది?

ఇంగ్లిష్ కవి వర్డ్స్‌వర్త్ అనగానే మనకి స్కూల్లో బట్టీ పట్టిన డాఫడిల్స్, కొండలు, సరస్సులు, గంభీరంగా కూర్చున్న ఒక ముసలాయన, అంతే. ఆయన బతుకు మీద ప్రొఫెసర్లు వందేళ్లుగా వాదించుకుంటున్నారంటే నమ్మబుద్ధి కాదు, కానీ ఆ గొడవ చాలావరకు ఒక పసిపాప దగ్గర మొదలైంది.

1791 చివర్లో, 21 ఏళ్ల వయసులో, విప్లవం నడుస్తున్న ఫ్రాన్స్‌కి వెళ్లాడు. అక్కడ ఆనెత్ వాలోన్ అనే అమ్మాయితో ప్రేమ. 1792 డిసెంబర్ 15న ఓర్లియాన్స్‌లో వాళ్ల పాప కరోలిన్‌కి బాప్తిస్మం ఇప్పించి తండ్రి పేరు రిజిస్టర్‌లో రాయించారు, అదీ తప్పుల తడకగా, ఎందుకంటే సరిగ్గా చెప్పడానికి తండ్రి అక్కడ లేడు, చేతిలో డబ్బుల్లేక ఇంగ్లండ్ దారి పట్టాడు. 1793 ఫిబ్రవరిలో రెండు దేశాలకీ యుద్ధం మొదలైంది, ఇక రాకపోకలు కష్టమే.

సంధి కుదిరాక 1802 ఆగస్టులో చెల్లెలు డొరతీని వెంటబెట్టుకుని ఫ్రాన్స్ రేవు పట్టణం కలే వెళ్లి తల్లీకూతుళ్లని చూశాడు, అక్టోబర్ 4న ఇంగ్లండ్‌లో మేరీ హచిన్సన్‌ని పెళ్లి చేసుకున్నాడు. మేరీకి ఇదంతా తెలుసు! 1820లో ఆవిడ కూడా పారిస్ వెళ్లి వాళ్లని కలిసింది. కరోలిన్ పెళ్లయ్యాక ఏటా 30 పౌండ్లు పంపేవాడు. అంటే ఇంట్లోవాళ్లకీ దగ్గరి స్నేహితులకీ రహస్యమేం కాదు, తెలియనిదల్లా పాఠకులకే. 1850లో ఆయన పోయాక మరుసటి ఏడాదే బంధువు, అందులోనూ మతగురువు, జీవితచరిత్ర రాస్తే అందులో ఆనెత్ పేరు ఎందుకుంటుంది చెప్పండి.

1916లో ప్రిన్‌స్టన్ ప్రొఫెసర్ జార్జ్ హార్పర్ తన పుస్తకంలో విషయం బయటపెట్టాడు, 1922లో ఫ్రెంచి ప్రొఫెసర్ ఎమిల్ లెగూయి పూర్తి కథ రాశాడు. తమాషా ఏంటంటే ఈ లెగూయే 1896లో వర్డ్స్‌వర్త్ యవ్వనం మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు, అందులో ఆనెత్ ఊసే లేదు. అసలు దొరికిన వాటిలో నాకు గుచ్చుకునేది 1793 మార్చిలో ఆనెత్ రాసిన ఉత్తరాలు. యుద్ధం వల్ల అధికారులు ఆపేశారు, ఆయనకి చేరనే లేదు, బ్లువా ఊళ్లో పాత ప్రభుత్వ కాగితాల్లో దాదాపు 130 ఏళ్లు పడున్నాయి. పాప టోపీని ముద్దు పెట్టుకుని, మీ నాన్న నాకన్నా దురదృష్టవంతుడు, నిన్నిలా చూడలేకపోయాడు అని పాపతో చెప్పానని రాసింది.

ఇక్కణ్ణుంచి చదవడమే మారిపోయింది. కలే ఒడ్డున సాయంత్రం మీద రాసిన సానెట్‌లో, అంటే పద్నాలుగు పాదాల పద్యంలో, పక్కన నడిచే చిన్నపిల్ల డొరతీ అనుకున్నవాళ్లకి అది తొమ్మిదేళ్ల కరోలిన్ అని తెలిసింది. అక్కడితో ఆగితే బాగుండేది! 1930లో ఇంగ్లిష్ విమర్శకుడు హెర్బర్ట్ రీడ్, ఆనెత్‌ని వదిలేశానన్న బాధే ఆయన కవిత్వాన్ని ఎండిపోయేలా చేసిందని, మేరీతో కాపురం చప్పటిదని తేల్చేశాడు. నాకైతే అది మరీ అతి. 1977లో కార్లైల్‌లో ఒక స్టాంపుల వ్యాపారి కొన్న చిత్తుకాగితాల్లో వర్డ్స్‌వర్త్, మేరీ ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు బయటపడ్డాయి, పెళ్లయి ఎనిమిదేళ్లు, పదేళ్లు గడిచాక రాసినవి, చదివితే కొత్త పెళ్లికొడుకు రాసినట్టే ఉంటాయి.

అయినా ఆయన బతుకులో రహస్యాలు వెతికే అలవాటు పోలేదు. 1998లో ఆయన జీవితచరిత్ర రాసిన కెనెత్ జాన్‌స్టన్, ప్రభుత్వ రహస్య ఖాతాలో మిస్టర్ వర్డ్స్‌వర్త్‌కి 92 పౌండ్ల చిల్లర ఇచ్చినట్టు చూసి, కవి గూఢచారేమో అన్నాడు. కాసేపు పేపర్లన్నీ అదే. తర్వాత ఇంకో పరిశోధకుడు వెతికితే ఆ డబ్బు తీసుకుంది కవి కజిన్, కస్టమ్స్‌లో పనిచేసే రాబిన్సన్ వర్డ్స్‌వర్త్ అని తేలింది, పుస్తకం మళ్లీ అచ్చయినప్పుడు మొదట అట్ట మీదున్న గూఢచారి అన్న మాట లేదు.