మూడు సర్వర్లలో ఒకటి ఆపాలంటే

వేసవి వస్తే కర్నూలు పేపర్లలో జిల్లా పేజీ అడుగున చిన్న ప్రకటన తరచూ కనిపిస్తుంది: ఫలానా సబ్‌స్టేషన్‌లో మరమ్మతుల వల్ల ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా కరెంటు ఉండదని. ఇళ్లలో పొద్దున్నే మోటారు వేసి ట్యాంకు నింపుకుంటారు. అదే ఫీడర్ మీద ఒక ఆసుపత్రి ఉందనుకుందాం. దాని బిల్లింగూ ల్యాబ్ రిపోర్టులూ 3 సర్వర్ల క్లస్టర్ (కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపు) మీద నడుస్తున్నాయి. జనరేటర్ ఉంది గానీ, సర్వర్ గది ఏసీని మోసేంత పెద్దది కాదు. బయట 42 డిగ్రీల ఎండ. గదిలో వేడి తగ్గాలంటే కనీసం ఒక సర్వర్‌ను ఆపాల్సిందే.

ఒకటి పోయినా పని ఆగకూడదనే కదా మూడు పెట్టింది, స్విచ్ తీసేస్తే పోలా అనిపిస్తుంది. అలా చెయ్యకూడదు.

లైనక్స్ క్లస్టర్లలో ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్ జంట కోరోసింక్, పేస్‌మేకర్. సర్వర్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటూ ఉండేలా కోరోసింక్ చూస్తుంది. ఏ పని ఏ సర్వర్ మీద నడవాలో పేస్‌మేకర్ తేలుస్తుంది. ఒక సర్వర్ 3, 4 సెకన్లు పలకకపోతే మిగతా రెండూ ఏమనుకోవాలి? దానికి కరెంటు పోయి ఉండొచ్చు. నెట్‌వర్క్ కేబుల్ ఊడి ఉండొచ్చు. కాసేపు బిగుసుకుపోయి మళ్లీ కదలనూ వచ్చు. బయటినుంచి చూస్తే ఈ మూడూ ఒకేలా ఉంటాయి. కేబుల్ ఊడినదైతే ఇంకా డిస్క్ మీద రాస్తూనే ఉంటుంది. అది పోయిందనుకుని ఇంకో సర్వర్ అదే డేటాబేస్‌ను తెరిస్తే, రెండూ ఒకే ఫైళ్ల మీద రాసి రోగుల రికార్డులు పాడవుతాయి. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. అందుకే క్లస్టర్ ముందు ఆ పలకని సర్వర్‌కు పవర్ కట్ చేయిస్తుంది, అది నిజంగా ఆగిందని ఖాయమయ్యాకే పనిని వేరేచోట మొదలుపెడుతుంది. ఈ ఫెన్సింగ్ చూడటానికి మోటుగా ఉన్నా, అనుమానం ఉన్నచోట ఇదే సరైన పని.

మనం కావాలని ఆపేటప్పుడు ఆ అనుమానమే రానివ్వకూడదు. లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపామన్న అనుమతి) తీసుకుంటాడు. అతను తిరిగి ఇచ్చేదాకా ఆ లైన్ ఛార్జ్ చెయ్యరు. క్లస్టర్‌లో ఆ పని చేసేది స్టాండ్‌బై కమాండ్. క్లస్టర్ నిర్ణయాల్లో సర్వర్‌కు ఒకటి చొప్పున ఓటు ఉంటుంది. స్టాండ్‌బైలో పెట్టిన సర్వర్‌కూ ఆ ఓటు ఉంటుంది గానీ కొత్త పని తీసుకోదు, చేతిలో ఉన్నది అప్పగించేస్తుంది. పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్ ఈ సమయంలో మెమరీలో మిగిలిన మార్పులను డిస్క్ మీదికి దించి, చెక్‌పాయింట్ (ఇంతవరకూ అంతా డిస్క్ మీదికి చేరిందన్న గుర్తు) రాసి మూసుకుంటుంది. హఠాత్తుగా పవర్ పోయినా ఖరారైన బిల్లులు పోవు, మార్పులను ముందే రాసిపెట్టుకున్న లాగ్ చదువుకుని సరిచేసుకుంటుంది. కాకపోతే అంతసేపూ కౌంటర్ దగ్గర జనం నిలబడాలి. ఆ సర్వర్ మీద ఇక ఏ సర్వీసూ లేదని స్టేటస్‌లో చూసుకుని, ముందు క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌ను, తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆపాలి.

నేరుగా షట్‌డౌన్ కొట్టినా పేస్‌మేకర్ తన పనులు అప్పగించే ఆగుతుంది. అన్నీ సరైన వరసలో ఆగితేనే సుమా. డేటాబేస్ ఫైళ్లు నెట్‌వర్క్ మీదున్న స్టోరేజ్‌లో ఉన్నాయనుకోండి. పేస్‌మేకర్ కంటే ముందే ఆ స్టోరేజ్ కనెక్షన్‌ను సిస్టమ్ తెంపేస్తే, డేటాబేస్ మూసుకోలేక అక్కడే వేలాడుతుంది. గడువు దాటుతుంది. ఆపమన్నా ఆగడం లేదంటే క్లస్టర్‌కు అది ప్రమాదమే, కాబట్టి ఫెన్సింగ్‌కు దిగుతుంది. పద్ధతిగా షట్‌డౌన్ అవుతున్న సర్వర్‌కు మధ్యలో పవర్ పోతుంది! లాగ్ చూసినవాళ్లు హార్డ్‌వేర్ పాడైందనుకుని రోజులు పోగొట్టుకుంటారు. క్లస్టర్ నడిపేవాళ్లందరూ వేసవికి ముందే ఈ వరస ఒకసారి సరిచూసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

కరెంటు సాయంత్రం దాకా రాదని తెలిస్తే మూడూ ఆపాలి. ఇక్కడ ఓట్ల లెక్క అడ్డం వస్తుంది. 3 ఓట్లలో కనీసం 2 ఉంటేనే కోరం, అంటే క్లస్టర్ పని నడపడానికి కావాల్సిన మెజారిటీ. ఒకటి ఆగాక రెండోదాన్ని కూడా విడిగా ఆపితే, మిగిలినదానికి కోరం పోతుంది. మామూలు సెట్టింగ్‌లో అది తన సర్వీసులన్నీ ఆపేస్తుంది. రెండోది ఆపేటప్పుడే కోరం పోతుందని పీసీఎస్ (క్లస్టర్‌కు కమాండ్లు ఇచ్చే టూల్) హెచ్చరిస్తుంది, దాన్ని ఫోర్స్ ఆప్షన్‌తో తోసెయ్యొద్దు. ముందు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, తర్వాత డేటాబేస్ మూసి, క్లస్టర్ మొత్తాన్ని ఒకే కమాండ్‌తో ఆపడం మేలు.

యూపీఎస్ ఉంది కదా, చివర్లో చూద్దామని ఆగితే కష్టం. లెడ్ యాసిడ్ బ్యాటరీల రేటింగ్ సాధారణంగా 20, 25 డిగ్రీల వేడికి ఇస్తారు. వేడి మరో 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రాయలసీమలో రెండు వేసవులు చూసిన బ్యాటరీ మీద రాసి ఉన్న నిమిషాలను నమ్మి షట్‌డౌన్ టైమ్ పెట్టుకోకూడదు. లోడ్ మీద నడిపి కొలుచుకుని, అందులో సగం మిగిలి ఉండగానే మొదలుపెట్టాలి.

కరెంటు వచ్చాక మొదట లేచిన సర్వర్ ఒక్క ఓటుతో ఊరికే కూర్చుంటుంది, డేటాబేస్ జోలికి పోదు. కౌంటర్ నుంచి ఫోన్లు మోగుతుంటే టెన్షన్ సహజమే, కోరం పట్టించుకోవద్దని సెట్టింగ్ మార్చాలనిపిస్తుంది. రెండోది లేచి కలిసేదాకా ఆగండి. స్టాండ్‌బైలో పెట్టినదాన్ని తిరిగి పనిలోకి తీసుకోవడం మర్చిపోవద్దు, లేకపోతే అది క్లస్టర్‌లో ఉన్నట్టే కనిపిస్తూ ఏ పనీ చెయ్యదు.